వాలు బలం: వంచేదెంత, నొక్కేదెంత?

ఊళ్లోకి వచ్చే కరెంటు లైను ఎక్కడ ఆగిపోతుందో, లేదా ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆ స్తంభాన్ని ఒకసారి చూడండి. తీగలు లాగుతున్న వైపుకి ఎదురుగా, స్తంభం తల దగ్గర నుంచి నేలలోకి ఏటవాలుగా ఒక లావుపాటి ఇనుప తీగ దిగి ఉంటుంది. లైన్‌మన్లు దాన్ని స్టే వైరు అంటారు. కొందరు దానికి మేకను కట్టేస్తారు. పిల్లలు పట్టుకుని ఊగబోతారు, వద్దని రోజూ చెబుతూనే ఉంటాం. అది ఎందుకుందని తొమ్మిదో తరగతిలో అడిగితే అందరిదీ ఒకటే జవాబు: 'స్తంభం పడిపోకుండా'. సరే. స్తంభాన్ని ఇప్పటికే ఒక పక్క తీగలు లాగుతున్నాయి కదా, ఇంకో పక్క నుంచి ఇంకో తీగ కూడా లాగితే దాని కష్టం పెరగాలి గానీ తగ్గడమేమిటి? ఈ రెండో ప్రశ్నకి తరగతి మొత్తం నిశ్శబ్దమైపోతుంది.

ఈ ప్రశ్నను అంత పట్టుబట్టి అడగడానికి మాకొక కారణం ఉంది. హోసూరు, బాగలూరు, డెంకణికోట ప్రాంతాల్లో తెలుగు మాధ్యమంలో పది పూర్తిచేసిన పిల్లల్లో చాలామంది ఐటీఐకో, డిప్లొమాకో వెళతారు. చుట్టూ కార్ఖానాలే కాబట్టి మెకానికల్ అంటే మొగ్గు. సివిల్ తీసుకునేవాళ్లూ ఉన్నారు. బళ్లారిలో, కోలారులో, అటు రాయగడలో, షోలాపూరులో పాఠాలు చెప్పే తోటి ఉపాధ్యాయుల దగ్గరా ఇలాంటి పిల్లలుంటారు. డిప్లొమాలో చేరిన కొద్ది నెలలకి వీళ్లు పాత బడికి వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే: 'బరువు నేరుగా కిందికి పడితే లెక్క చేసేస్తున్నాం. అదే వాలుగా వస్తే ఏం చెయ్యాలో తెలియడం లేదు.' పుస్తకం ఇంగ్లీషులో ఉండటమే దీనికి కారణమని తల్లిదండ్రులు అనుకుంటారు. మా లెక్కలో ఇంగ్లీషు వాటా సగం కన్నా తక్కువ. వాలుగా ఉన్న బలాన్ని రెండుగా విడగొట్టడం అలవాటు కాకపోవడమే అసలు అడ్డంకి. ఆ అలవాటు తెలుగులో, పదో తరగతిలోపే, పూర్తిగా అయిపోవచ్చు.

మాట దగ్గరే మొదటి చిక్కు

ఇంగ్లీషు పుస్తకంలో 'మూమెంట్' అన్న మాట చూడగానే పిల్లలకి 'క్షణం' గుర్తొస్తుంది. 'బెండింగ్ మూమెంట్' అంటే వంగే క్షణం అని రాసినవాళ్లూ ఉన్నారు. నవ్వొస్తుంది గానీ తప్పు వాళ్లది కాదు. మన సైన్సు పుస్తకంలో దీనికి బలభ్రామకం అని చక్కటి మాట ఉంది. భ్రమణం అంటే తిరగడం, తిప్పేది భ్రామకం. పక్క గదిలో తమిళ మాధ్యమం పిల్లలు దీన్నే తిరుప్పుత్తిరన్ అంటారు. వాళ్ల 'తిరుప్పు' మన 'తిప్పు'కి తోబుట్టువే. అందుకని మేము పిల్లలకి భ్రామకం అంటే 'తిప్పే సత్తా' అని చెబుతాం. 'తిప్పే శక్తి' అనం. శక్తి అన్న మాట భౌతికశాస్త్రంలో వేరే దానికి రాసిచ్చేశారు.

తలుపుతో మొదలుపెడితే సులువు. మడతబందు దగ్గర తోస్తే తలుపు కదలదు, అంచున తోస్తే ఒక్క వేలితో తెరుచుకుంటుంది. బలం ఎంతో, మడతబందు నుంచి దూరం ఎంతో, ఆ రెండింటి లబ్ధమే భ్రామకం. ఇంతవరకు అందరికీ వస్తుంది. ఇప్పుడు అదే అంచున చెయ్యి పెట్టి, తలుపు పలక వెంబడి మడతబందు వైపుకే గట్టిగా తొయ్యమనండి. ఎంత బలం పెట్టినా తలుపు తిరగదు. బలం ఉంది, దూరం ఉంది, తిప్పడం మాత్రం లేదు. పలకకి లంబంగా ఉన్న బలమే తిప్పుతుంది. పలక వెంబడి ఉన్న బలం నొక్కుతుంది, అంతే. చెయ్యి ఏటవాలుగా పెట్టి తోస్తే అందులో ఈ రెండూ కొంత కొంత ఉంటాయి. ఆ కొంత ఎంతో చెప్పేవి సైన్, కొసైన్.

తలుపు తిరగగలదు. గోడలో సిమెంటుతో బిగించిన దూలం తిరగలేదు. చివర బరువు వేలాడదీస్తే అది తిప్పాలనే చూస్తుంది. తిరగడానికి వీల్లేక దూలం వంగుతుంది. పైపొర సాగుతుంది, కింది పొర నలుగుతుంది, నడుమ ఒక పొర సాగకా నలగకా ఉండిపోతుంది. దూలంలో ఒక చోట ఈ సాగడం, నలగడం కలిసి ఎంత భ్రామకాన్ని ఆపుతున్నాయో అదే అక్కడి వంపు భ్రామకం, ఇంజనీరింగు పుస్తకాల బెండింగ్ మూమెంట్. సుద్దముక్కను రెండు చేతులతో నిలువునా లాగి తెంచమనండి, ఆ తర్వాత వంచి విరవమనండి. వంపు ఎంత ప్రమాదకరమో వేళ్లకే తెలుస్తుంది.

ఈ బొమ్మను మొదట లెక్కలోకి తెచ్చినవాడు గెలీలియో. 1638లో లైడెన్‌లో అచ్చయిన ఆయన చివరి పుస్తకంలో గోడలోంచి పొడుచుకొచ్చిన దూలం, దాని కొసన కొక్కేనికి వేలాడే బరువు ఉన్న బొమ్మ ఉంటుంది. దూలం బలం దాని వెడల్పుని బట్టి మామూలుగానూ, లోతుని బట్టి వర్గంలోనూ పెరుగుతుందని ఆయన చెప్పింది ఇప్పటికీ నిలిచింది. కోతలోని పొరలన్నీ ఒకేలా సాగుతాయని అనుకోవడంతో మొత్తం బలాన్ని మాత్రం మూడు రెట్లు ఎక్కువగా అంచనా వేశాడు. దాన్ని సరిదిద్దడానికి కూలుంబ్, నావియే వంటివాళ్లు రావాల్సి వచ్చింది. నావియే పుస్తకం 1826 నాటిది. అంటే సరైన సూత్రం నలుగురి చేతికీ రావడానికి రెండు వందల ఏళ్లకి కాస్త తక్కువ పట్టింది. పిల్లవాడికి రెండు వారాలు పట్టిందని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోవచ్చు.

నిచ్చెన చెప్పే లెక్క

కృష్ణగిరి జిల్లాలో మామిడికాయల కాలంలో నిచ్చెన లేని ఇల్లుండదు. నాలుగు మీటర్ల వెదురు నిచ్చెన తీసుకుందాం. దాన్ని కాలవ మీద అడ్డంగా పరిచి, 600 న్యూటన్ల బరువున్న మనిషి, అంటే సుమారు అరవై కిలోల మనిషి, నడిమధ్యలో నిలబడ్డాడు. మధ్యలో బరువు పడితే అక్కడి వంపు భ్రామకం బరువును పొడవుతో గుణించి నాలుగుతో భాగిస్తే వస్తుంది. 600 × 4 ÷ 4, అంటే 600 న్యూటన్ మీటర్లు. వెదురు కిర్రుమంటుంది.

అదే నిచ్చెనను నేలతో 60 డిగ్రీల కోణంలో గోడకి ఆనించాం. అదే మనిషి అదే నడిమెట్టు మీద ఉన్నాడు. బరువు ఇప్పుడూ నేరుగా కిందికే ఉంది, నిచ్చెన వాలింది. నిచ్చెనకి లంబంగా ఉన్న అంశం 600 × కొసైన్ 60, అంటే 300 న్యూటన్లు. వంపు భ్రామకం 300 × 4 ÷ 4 = 300 న్యూటన్ మీటర్లు. సరిగ్గా సగం. మిగిలిన అంశం, 600 × సైన్ 60, సుమారు 520 న్యూటన్లు నిచ్చెన వెంబడి కిందికి నొక్కుతుంది. వెదురుకి ఆ నొక్కుడు ఓ లెక్క కాదు. ఇంకా నిటారుగా, 75 డిగ్రీలకి నిలబెడితే వంపు 155కి పడిపోతుంది. మరీ నిటారుగా పెడితే మనిషి వెనక్కి పడతాడు, అది వేరే పాఠం.

ఇందులోనే ఒక దగ్గరి దారి ఉంది. 60 డిగ్రీలకి వాలిన నాలుగు మీటర్ల నిచ్చెన నేల మీద ఆక్రమించే దూరం రెండు మీటర్లు. 600 × 2 ÷ 4 చేసినా 300 వస్తుంది. బరువు నిలువుగా పడుతున్నంతసేపు, దూలం ఎంత వాలినా, అడ్డదూరాన్ని కొలిస్తే చాలు. మెట్ల స్లాబు లెక్కలో ఇంజనీర్లు వాలు పొడవును వదిలి అడ్డపొడవు తీసుకునేది ఇందుకే. అయితే ఈ దగ్గరి దారిని ముందు చూపించకూడదని మా అభిప్రాయం. బలాన్ని విడగొట్టడం చేతికి వచ్చాక చూపిస్తే మెరుపులా ఉంటుంది, ముందే చూపిస్తే బట్టీ అవుతుంది.

ఇక స్తంభం దగ్గరికి

నేల నుంచి ఏడు మీటర్ల ఎత్తులో తీగలన్నీ కలిసి స్తంభాన్ని ఒక పక్కకి 3,000 న్యూటన్లతో లాగుతున్నాయని అనుకుందాం. స్టే లేకపోతే స్తంభం మొదట్లో వంపు భ్రామకం 3,000 × 7 = 21,000 న్యూటన్ మీటర్లు. ఏడు మీటర్ల గెడ చివర మూడు వందల కిలోలు వేలాడదీసి రాత్రీ పగలూ పట్టుకుని నిలబడటం లాంటిది. సిమెంటు స్తంభానికి ఇది గడ్డు పరిస్థితి.

అదే ఎత్తు నుంచి, నేలతో 45 డిగ్రీల కోణంలో స్టే వైరు దింపాం. దాని అడ్డ అంశం 3,000 న్యూటన్లు ఉంటే తీగల లాగుడు చెల్లిపోతుంది. అందుకు వైరులో ఉండాల్సిన బిగువు 3,000ని కొసైన్ 45తో భాగిస్తే వస్తుంది: సుమారు 4,240 న్యూటన్లు. దాని నిలువు అంశం ఇంకో 3,000. అది స్తంభాన్ని కిందికి నొక్కుతుంది. మొదట్లో పిల్లల్ని తికమకపెట్టిన ప్రశ్నకి ఇదే జవాబు. స్తంభం మీద బలం తగ్గలేదు, నిజానికి పెరిగింది. కాకపోతే వంచే బలం పోయి నొక్కే బలం వచ్చింది. సిమెంటు నొక్కుడుకి గట్టి, సాగుడుకి బలహీనం. దానికి ఇష్టమైన పని దానికి ఇచ్చాం.

కోణం మారిస్తే ఏమవుతుందో పిల్లలే లెక్కకట్టాలి. రోడ్డు పక్కన జాగా లేక 60 డిగ్రీలకి నిటారుగా దింపితే వైరు బిగువు 3,000 ÷ 0.5 = 6,000 న్యూటన్లకి పోతుంది. స్తంభం మీద నొక్కుడు 5,200కి దగ్గరపడుతుంది. 30 డిగ్రీలకి దూరంగా దింపితే బిగువు 3,460 చాలు, కానీ స్తంభం నుంచి పన్నెండు మీటర్ల అవతల పాతాలి. ఎవరి పొలంలో పాతుతారు? 45 డిగ్రీలకైతే ఏడు మీటర్లు, 60కైతే నాలుగే. టాంజెంటు పట్టిక ఇక్కడ భూమి తగాదాగా మారిపోతుంది. స్టే వైరుకి పశువుల్ని కట్టి వదులు చెయ్యడం, దారికి అడ్డమని విప్పెయ్యడం ఎందుకు కూడదో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉపన్యాసం అక్కర్లేదు. వైరు వదులైన మరుక్షణం ఆ 21,000 మళ్లీ మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది.

పక్కకి ఒరిగిన దూలం

ఇంతవరకు చెప్పింది బలాన్ని దూలం పొడవు వెంబడి ఒకటి, దానికి లంబంగా ఒకటి అని విడగొట్టడం. రెండో రకం వాలు ఒకటుంది. పెద్ద తరగతుల పిల్లలు ఎక్కువగా తడబడేది దీనిలోనే. ఇళ్ల కప్పులు వంగిపోవడంలోనూ దీని వాటా చిన్నది కాదు.

పెంకుల కప్పు, లేదా రేకుల కొట్టం తీసుకోండి. కప్పు వాలుకి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకి దూలాలు వేస్తారు. గోడ పైఅంచు వాలుగా ఉంటుంది కాబట్టి దాని మీద కూర్చున్న దూలం కూడా వాలుతో పాటు పక్కకి ఒరుగుతుంది. దూలం పొడవు అడ్డంగానే ఉంది, ఒరిగింది దాని కోత. బరువు మాత్రం నిలువుగా కిందికే.

మిల్లులో రెండు అంగుళాలకి నాలుగు అంగుళాలుగా కోయించిన చెక్క, లెక్క సులువు కోసం 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల లోతు అనుకుందాం. మూడు మీటర్ల పొడవు, నడుమ 1,000 న్యూటన్ల బరువు. వంపు భ్రామకం 1,000 × 3 ÷ 4 = 750 న్యూటన్ మీటర్లు. వంపుకి చెక్క ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే సంఖ్య వెడల్పు × లోతు × లోతు ÷ 6. నిటారుగా నిలబెడితే అది 50 × 100 × 100 ÷ 6, సుమారు 83,333 ఘన మిల్లీమీటర్లు. పడుకోబెడితే 100 × 50 × 50 ÷ 6, సుమారు 41,667. సరిగ్గా సగం. చెక్క అదే, ఖరీదు అదే, పడుకోబెడితే సత్తా సగం. దూలాన్ని ఎప్పుడూ నిలువుగా వెయ్యాలని వడ్రంగికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిటారుగా ఉన్నప్పుడు పైఅంచులో, కింది అంచులో ప్రతిబలం 7,50,000 ÷ 83,333 = 9 న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకి. ఇప్పుడు కప్పు వాలు 30 డిగ్రీలు. దూలం అంతే ఒరిగింది. బరువును విడగొడితే, దూలం లోతు దిశలో 866, పక్కదిశలో 500 న్యూటన్లు. మొదటిది బలమైన పక్కన వంచుతుంది. దాని వల్ల ప్రతిబలం 7.8. రెండోది బలహీనమైన పక్కన వంచుతుంది. బరువు సగమే గానీ, ఎదురు నిలిచే సత్తా కూడా సగమే కాబట్టి దాని ఒక్కదాని వల్లే ప్రతిబలం మళ్లీ 9! ఈ రెండూ దూలం ఒక మూలలో కలుసుకుంటాయి. మొత్తం 16.8. బరువు ఒక్క గ్రాము పెరగకుండా, చెక్క ఒక్క నూలు తరగకుండా, 30 డిగ్రీలు ఒరిగినందుకే ప్రతిబలం 87 శాతం పెరిగింది.

ఈ లెక్క బల్లమీద వేసిన రోజు ఎవరో ఒకరు 'తప్పు వేశారు టీచర్' అంటారు. అనాలి కూడా. అప్పుడు అడ్డుగా మళ్లీ వేయిస్తాం.

ఇంకో విచిత్రం, వంగే దిశ. బరువు నిలువుగా కిందికి లాగుతున్నా ఈ దూలం నిలువుగా కిందికి వంగదు. దూలం లోతు దిశ నుంచి కొలిస్తే బరువు 30 డిగ్రీల వాలులో ఉంటే, వంపు సుమారు 67 డిగ్రీల వాలులో ఉంటుంది. అంటే దూలం కప్పు వాలు వెంబడి పక్కకి జారినట్టు వంగుతుంది. పాత కొట్టాల్లో దూలాలు కిందికి కాక పక్కకి బొద్దుగా వంగి కనిపిస్తే కారణం ఇదే. కప్పు మీది పట్టీలు, రేకులు దూలాల్ని పక్క నుంచి కొంత పట్టుకుంటాయి కాబట్టి కొంపలు నిలబడి ఉన్నాయి. పెద్ద షెడ్లలో ఇనుప దూలాలకి నడుమ నడుమ, కప్పు వాలు వెంబడి పైదాకా సన్న ఇనుప కడ్డీలు బిగించి ఉంటాయి. అవి ఉన్నది ఈ పక్క వంపును పట్టుకోవడానికే. కార్ఖానా చూడటానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు యంత్రాలతో పాటు ఒకసారి తలెత్తి కప్పు కూడా చూడమనండి.

కార్ఖానా దాకా పోనక్కర్లేకుండా చూపాలంటే 30 సెంటీమీటర్ల ఉక్కు స్కేలు చాలు. ఒక కొసను బల్ల అంచున గట్టిగా పట్టుకుని రెండో కొసకి చిన్న సంచి తగిలించండి. పడుకోబెడితే స్కేలు వాలిపోతుంది. నిలబెడితే కదలదు. ఇప్పుడు నిలబెట్టిన స్కేలును మెల్లగా కొంచెం పక్కకి ఒరగనివ్వండి. సంచి కిందికి దిగకుండా పక్కకి పారిపోతుంది. స్కేలు వెడల్పు దాని మందం కన్నా 25 రెట్లుంటే, వంగకుండా నిలిచే బిగువులో తేడా 25 వర్గం, అంటే 625 రెట్లు. అందుకే రవ్వంత వాలు దొరికినా అది బలహీనమైన పక్కకే పోతుంది.

తాటి దూలం, ఉక్కు షాఫ్టు

కోసిన చెక్కకి బలమైన పక్క, బలహీనమైన పక్క ఉన్నాయి. పాత ఇళ్లలో గుండ్రంగా వేసిన తాటి దూలానికో? ఎటు తిప్పినా దాని కోత ఒకటే. ఏ దిశ నుంచి బరువు వచ్చినా దానికి తేడా లేదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే కార్ఖానాలోని షాఫ్టు లెక్క సగం అయిపోయినట్టే.

షాఫ్టు మీద బలాలు చక్కగా నిలువుగా రావు. గేరు పన్ను తన జతపన్నును సూటిగా తొయ్యదు. ఇప్పుడు ఎక్కువగా వాడే గేర్లలో ఆ తోపు 20 డిగ్రీల వాలులో ఉంటుంది. రెండు బేరింగుల మధ్య 600 మిల్లీమీటర్ల షాఫ్టు, నడిమధ్యన ఒక గేరు అనుకుందాం. గేరును తిప్పే అంశం అడ్డంగా 1,000 న్యూటన్లు. దాంతో పాటు షాఫ్టు నడుము వైపుకి నొక్కే అంశం 1,000 × టాంజెంట్ 20, అంటే 364 న్యూటన్లు, నిలువుగా. అడ్డతలంలో వంపు భ్రామకం 1,000 × 0.6 ÷ 4 = 150 న్యూటన్ మీటర్లు. నిలువుతలంలో 364 × 0.6 ÷ 4, సుమారు 54.6. రెండూ కలిపితే ఎంత?

ఇక్కడ పిల్లలు రెండు గుంపులవుతారు. దూలం లెక్కలో కూడాం కదా అని కొందరు 204.6 అంటారు. లంబకోణ త్రిభుజం కదా, పైథాగరస్ వెయ్యాలని మిగతావాళ్లు 159.6 అంటారు. రెండో జవాబు సరైనది, కానీ మొదటి గుంపు అడిగిన ప్రశ్న ఎంతో మంచిది. దూలానికి మూల ఉంది. ఆ మూల రెండు దిశల్లోనూ దూరంగా ఉంటుంది కాబట్టి రెండు వంపుల చెడూ అక్కడికే చేరి కూడుకుంది. గుండ్రటి షాఫ్టుకి మూల లేదు. అడ్డవంపుకి ఎక్కువ సాగే చోటు పక్కన, నిలువు వంపుకి ఎక్కువ సాగే చోటు పైనో కిందో. రెండూ ఒకే చోట లేవు. అందుకని ముందు రెండు భ్రామకాల్నీ సదిశలుగా కలిపి ఒక్కటి చేసుకోవాలి. సరిచూసుకోవాలంటే గేరు తోపు మొత్తాన్ని తీసుకోండి: 1,000ని కొసైన్ 20తో భాగిస్తే 1,064. దాన్ని 0.6తో గుణించి 4తో భాగిస్తే 159.6. రెండు దారులూ ఒకే ఇంటికి చేరాయి. షాఫ్టు మీద పుల్లీ ఒక చోట, గేరు ఇంకో చోట ఉంటే ఏ చోటికి ఆ చోట రెండు తలాల భ్రామకాల్నీ విడిగా కట్టి, ఆ తర్వాత కలపాలి. షాఫ్టు మెలి తిరగడం కూడా ఉంటుంది. ఆ లెక్క దీని పక్కన విడిగా నడుస్తుంది.

షాఫ్టుకి దూలానికి లేని ఇంకో కష్టం ఉంది, అది తిరుగుతుంది. ఇప్పుడు సాగుతున్న పైపొర అర చుట్టు తర్వాత కిందికి వచ్చి నలుగుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే షాఫ్టులో ఎనిమిది గంటల షిఫ్టులో ఇలా 6,91,200 సార్లు. ఒక్కసారి వంచితే ఏమీ కాని ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కుమన్నట్టు, షాఫ్టూ ఎప్పుడో విరుగుతుంది. 1842 మే 8న వెర్సాయి నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు ఇలాగే విరిగింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మంటలంటుకున్నాయి. 50 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వ్యోలర్ ఇరుసుల్ని లక్షల సార్లు వంచి తిప్పి ఏ ప్రతిబలానికి ఎన్ని చుట్లు తట్టుకుంటాయో పట్టికలు కట్టాడు. వంపు భ్రామకం 159.6కి బదులు 150 అని వేసుకుంటే ఏమవుతుందిలే అనే పిల్లవాడికి ఈ సంగతి చెబుతాం.

తరగతిలో ఎక్కడ అతుకు పెట్టాలి

తమిళనాడు పదో తరగతి సైన్సులో బలభ్రామకం ఉంది. గణితంలో త్రికోణమితి ఉంది. రెండింటికీ మధ్య గోడ ఉంది. త్రికోణమితి లెక్కలన్నీ గోపురం ఎత్తు, చెట్టు నీడ, లైట్‌హౌసు నుంచి ఓడ దూరం. త్రిభుజం భుజం ఎప్పుడూ పొడవే. అది బలం కూడా కావచ్చని ఒక్క లెక్కలో కూడా కనపడదు. సైన్సు లెక్కల్లో బలం ఎప్పుడూ లంబంగానే వస్తుంది. గణితం, సైన్సు ఇద్దరు చెప్పే బడుల్లో ఆ ఇద్దరూ ఒక్క వారం కలిసి కూర్చుంటే చాలు. చాలా తెలుగు బడుల్లో రెండూ ఒకరే చెబుతారు, సిబ్బంది కొరతకి ఆ ఒక్క లాభమైనా ఉంది.

మేము వాడే మాటలు మూడే: వంచే అంశం, నొక్కే అంశం, లాగే అంశం. బొమ్మ గీసి, వాలుబాణాన్ని రెండు బాణాలుగా విడగొట్టి, వాటి పక్కన ఈ మాటలు రాశాకే సైన్, కొసైన్ పట్టిక తియ్యాలి. పట్టిక ముందు తీసినవాడు సైన్ ఎక్కడ, కొసైన్ ఎక్కడ అని జీవితాంతం వెతుక్కుంటాడు, ఎందుకంటే కోణాన్ని నేల నుంచి కొలిచారా, స్తంభం నుంచి కొలిచారా అన్నదాన్ని బట్టి అవి తారుమారవుతాయి. బొమ్మ గీసినవాడికి ఆ భయం లేదు. ఏడాది చివర్లో ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలోనే ఒక కాగితం మీద పక్కపక్కన రాయిస్తాం: భ్రామకం పక్కన మూమెంట్, ప్రతిబలం పక్కన స్ట్రెస్, దూలం పక్కన బీమ్. అర్థం ముందే ఉన్నవాడికి ఆ పేర్లు పట్టుబడటానికి వారం పట్టదు.

ఈ వారం తరగతికి ఒక లెక్క. కొట్టు ముందు బోర్డు వేలాడదీయడానికి గోడ నుంచి 1.5 మీటర్ల ఇనుప కమ్మీ అడ్డంగా పెట్టారు. గోడ దగ్గర అది మడతబందు మీద ఉంది, కాబట్టి అక్కడ స్వేచ్ఛగా తిరగగలదు. కొసన 200 న్యూటన్ల బోర్డు. గోడ నుంచి ఒక మీటరు దూరంలో కమ్మీకి తీగ కట్టి, కమ్మీతో 30 డిగ్రీల కోణంలో పైకి గోడలోకి బిగించారు. తీగలో బిగువెంత? వంపు భ్రామకం అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ? కమ్మీ బరువును లెక్కలోకి తీసుకోవద్దు. తీగ నిలువు అంశం ఒక మీటరు దూరం నుంచి, బోర్డు 1.5 మీటర్ల దూరం నుంచి ఎదురెదురు తిప్పుతాయి. కనుక నిలువు అంశం 300, బిగువు 600 న్యూటన్లు. రెండో ప్రశ్నకి ఎక్కువమంది 'గోడ దగ్గర' అని రాస్తారు. గోడ దగ్గర మడతబందు ఉంది, అక్కడ వంపు భ్రామకం సున్న. ఎక్కువ ఉండేది తీగ కట్టిన చోట, బోర్డుకి అర మీటరు ఇవతల: 200 × 0.5, అంటే 100 న్యూటన్ మీటర్లు. తీగను అర మీటరు ముందుకి జరిపి సరిగ్గా కొసనే కట్టి ఉంటే బిగువు 400కి తగ్గేది, కమ్మీలో వంపు అసలు ఉండేదే కాదు.